ఎల్పీ భోజనం

పుల్లన్న కూతురు నందిని నిశ్చితార్థం రోజున పెళ్ళికొడుకు సందీప్ మాటల మధ్యలో, "మా ఇంట్లో రెండు వందల ఎల్పీలున్నాయి మామా," అన్నాడు. పుల్లన్న తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. నా పక్కన కూర్చున్న మా తోటికోడలు ఓబమ్మ ఆకు వక్క నమలడం మానేసి నా మోకాలు గిల్లింది. వంటల మనిషిని కాబట్టి నాకు ముందుగా కళ్ళ ముందు కనబడింది బియ్యం మూటలు. రెండు వందల ఎల్పీలంటే తనకల్లు, కదిరి మాత్రమే కాదు, మడకశిర దాకా ఉన్న జనమంతా వచ్చి కూర్చున్నా తరగవు.

"అంతమందికి నా వల్ల కాదు నాయనా. బోర్లు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళతో పెళ్ళి చేస్తాండా," అన్నాడు పుల్లన్న, దాదాపు ఏడుస్తూ.

పాపం ఆ పిల్లవాడికి ఏమీ అర్థం కాలేదు. వాళ్ళది మడకశిర దగ్గర ఊరే అయినా పుట్టి పెరిగింది బెంగళూరులో. ఎల్పీ అంటే పాటల పెద్ద ప్లేటు అనీ, నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు పాడుతుందనీ, లాంగ్ ప్లే అనే మాటను పొట్టిగా అలా అంటారనీ, తనకు అవి పోగుచేసే పిచ్చి ఉందనీ చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట వింటే నాకు నవ్వు రాదు.

ఎల్పీ అంటే ప్లేటని మాకు తెలియక కాదు. మా తనకల్లు చుట్టుపక్కల ఆ మాట అసలు పుట్టిందే ప్లేటు నుంచి. కానీ ఇక్కడ ఎల్పీ అంటే పెళ్ళి భోజనంలో ఒక పంక్తి. మొదటి ఎల్పీకి మగపెళ్ళివారు, రెండో ఎల్పీకి ఊరివాళ్ళు, ఆఖరి ఎల్పీకి ఇంటివాళ్ళు. ఇది ఎలా వచ్చిందో చెప్తాను. చెప్తే గానీ నా బాధ మీకు తెలియదు.

తనకల్లు బస్టాండు ఎదురుగా నూర్ అహమ్మద్ మైకుసెట్టు ఉండేది. మొదట్లో అతని దగ్గర చిన్న ప్లేట్లే ఉండేవి. ఒక పాట పెట్టి బీడీ ముట్టించుకునే లోపల అది అయిపోయేది. పెట్టె దగ్గర నుంచి లేవడానికి వీలుండేది కాదు. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, అడుగున మిగిలిన చారు పోసుకుని తినేవాడు. తరవాత అనంతపురం వెళ్ళి ఒక పెద్ద ప్లేటు తెచ్చుకున్నాడు. నాదస్వరం ప్లేటు. ఒక పక్క పెడితే ఇరవై నిమిషాల పైనే వాయిస్తుంది. ఇక చూడండి, ఆకులు పరిచారని తెలియగానే ఆ ప్లేటు పెట్టి, తానూ వచ్చి మొదటి పంక్తిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ పక్క అయిపోయి ముల్లు గరగరమనగానే లేచి ప్లేటు తిప్పడానికి వెళ్ళేవాడు. అతను లేస్తే పక్కవాడు లేచేవాడు. పక్కవాడు లేస్తే పంక్తంతా లేచేది. వడ్డించేవాళ్ళకూ అదే లెక్క అయిపోయింది. నాదస్వరం మొదలైతే ఉప్పు, పచ్చడి. మధ్యకొస్తే చారు. ముల్లు గరగరమనే లోపల మజ్జిగ పడిపోవాలి.

అలా ఎల్పీ అనే మాట పంక్తికి అతుక్కుపోయింది. మైకు లేని ఇళ్ళలో కూడా అదే మాట. కర్మాంతరం భోజనాల్లో ప్లేటు పెట్టరు, ఆ ఒక్కచోట తప్ప ఎక్కడైనా పెడతారు. అయినా అక్కడ కూడా, "ఎన్ని ఎల్పీలు లేచినాయప్పా?" అనే అడుగుతారు.

ఇప్పుడు చెప్పండి. ఆకులో ఉన్నది ఎవరిది? నాది. తెల్లారక ముందే లేచి పొయ్యి రాజేసి, పొగలో కళ్ళు పోగొట్టుకుని, వంకాయలో చెనక్కాయల పొడి ఎంత పడాలో, ఊరుబిండి పచ్చడి ఎంత బరకగా ఉండాలో చూసుకుని చేసేది లక్ష్మీదేవమ్మ అనే నేను. తిన్నవాళ్ళు ఇంటికి పోతూ ఏమంటారు? "పుల్లన్న ఇంట్లో ఎల్పీ బలే ఉండాది." లక్ష్మీదేవమ్మ వంట బాగుంది అని ఒక్క నోటి నుంచి రాదు. నా కూటికి అతని ప్లేటు పేరు. ఆ ప్లేటులో ఉప్పుందా, కారముందా? నల్లగా గుండ్రంగా తిరుగుతుంది, అంతే.

నూర్ అహమ్మద్ మీద నాకున్నది అసూయే. ఇంకో పేరు పెట్టి దాచుకోవలసిన అవసరం నాకు లేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఒక చేతిలో ప్లేటు అట్ట పట్టుకుని అతను షామియానాలోకి వస్తుంటే పిల్లాపెద్దా దారి ఇస్తారు. "నూరన్న వచ్చినాడు, ఇంక కూర్చుందాం పాండి," అంటారు. నేను గంగాళం మోసుకుంటూ వస్తే, "పక్కకు జరుగమ్మా," అంటారు. అతను నా వంట తిని ఎప్పుడైనా బాగుందన్నాడా? అనలేదు. తినేటప్పుడు ఆకు వైపు కూడా చూడడు. అటూ ఇటూ జనం మొహాలు చూస్తూ తింటాడు. అడిగితే ఒకటే మాట. "ఉప్పు సరిపోయింది లక్ష్మీదేవమ్మా." ఎన్ని పెళ్ళిళ్ళు చేసినా ఉప్పు సరిపోయింది. ఉప్పు సరిపోవడానికి నేను కావాలా? ఎవరు వేసినా సరిపోతుంది.

తరవాత డీజే పెట్టెలు వచ్చాయి. నూర్ అహమ్మద్ మైకుసెట్టు మూసేసి అదే కొట్టులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. నాకు జాలి కలిగిందని మీరు అనుకుంటే పొరపాటు. ఏమాత్రం కలగలేదు. ఇక ఆ మాట పోతుంది, నా వంటకు నా పేరు వస్తుంది అనుకున్నాను. కానీ ప్లేటు వెనకాలే బఫే వచ్చింది. పుట్టపర్తి నుంచి టోపీలు పెట్టుకున్న కేటరింగు కుర్రాళ్ళు వచ్చారు. నన్ను సీమంతాలకూ, పుట్టు వెంట్రుకలకూ మాత్రమే పిలిచేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే, చేతిలో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్ళు కూడా, "మీ ఎల్పీ అయిపోయినాదా?" అనే ఒకరినొకరు అడిగారు. ప్లేటు పోయింది, పంక్తి పోయింది, అతని మాట మాత్రం పోలేదు. నాది ఏ మాటా లేదు కాబట్టి నేను మొత్తంగా పోయాను.

సందీప్ సంగతికి వస్తాను. ఎల్పీ కథ విన్నాక ఆ పిల్లవాడు ఆగలేదు. పుల్లన్నను వెంటబెట్టుకుని తనకల్లు వెళ్ళి నూర్ అహమ్మద్ కొట్టులో కూర్చున్నాడట. ముసలాయన అటక మీది పెట్టె దించి దుమ్ము దులిపి చూపించాడట. మర్నాడు పుల్లన్న మా ఇంటికి వచ్చాడు.

"లక్ష్మీదేవమ్మా, అల్లుడు బఫే వద్దంటాండాడు. ఆకులేసి, పాతకాలం మాదిరి ఎల్పీ భోజనం పెట్టాలంట. నువ్వే చెయ్యాల," అన్నాడు.

అబద్ధమెందుకు, నా గుండె ఎగిరి గంతేసింది. చాలా కాలానికి పెద్ద పెళ్ళి. బ్యాళ్ళ ఓళిగలు, అవే బొబ్బట్లు, చేస్తానన్నాను. చిత్రాన్నం, అలసంద వడలు, వంకాయ కూర అన్నాను. అతను అన్నిటికీ తలూపి వెళ్ళిపోయాడు. ఆ సంతోషం పెళ్ళికి ముందురోజు సామాన్లతో పుల్లన్న వాళ్ళ ఊరు చేరేదాకా నిలిచింది.

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టారు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒక మూలకు. మధ్యలో ఇంత పెద్ద నల్ల ప్లేటు బొమ్మ. దాని నడిమి గుండ్రంలో నూర్ అహమ్మద్ ఫొటో, నవ్వుతూ. కింద ఎర్రటి అక్షరాలతో 'నూర్ అహమ్మద్ గారి ఎల్పీ భోజనం. అందరూ ఆహ్వానితులే' అని రాసి ఉంది. నేను ఆటోలోంచి దిగి, దాని ముందు నిలబడి, మళ్ళీ మళ్ళీ చదివాను. నా పేరు ఏ మూలనైనా ఉందేమోనని ఫ్లెక్సీ వెనక్కి కూడా వెళ్ళి చూసివచ్చాను.

పుల్లన్న ఎదురొస్తే అడిగేశాను. "నా పేరు యాడుండాది పుల్లన్నా?"

"వంటోళ్ళ పేరు ఎవరన్నా ఏస్తారామ్మా? నువ్వు ఆకులో ఉండావు కదా," అన్నాడు, అదేదో పెద్ద గౌరవమైనట్టు.

ఓబమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ సాయంత్రం నేను రోటి ముందు కూర్చున్నాను. బెల్లం కొడుతూ ఆలోచించాను. కొడుతున్న బెల్లంలో నాకు అతని ఫొటోయే కనబడింది. అందువల్ల పొడి చాలా మెత్తగా వచ్చింది.

ఇన్నేళ్ళలో ముల్లు గరగరమన్నాక ఆకు ముందు కూర్చున్న మనిషిని నేను చూడలేదు. అతని ప్లేటు ఆగితే నా భోజనం ఆగిపోవాలి, అదీ పద్ధతి. రేపు ఆ పద్ధతి విరగ్గొట్టాలనుకున్నాను. ప్లేటు ఆగినా ఒక్కడూ లేవకూడదు. నా వంట కోసం కూర్చోవాలి. ఫ్లెక్సీలో పేరు లేకపోయినా సరే, అది ఊరంతా చూస్తే నాకు చాలు.

"ఓళిగ ముందు పెట్టొద్దు," అన్నాను ఓబమ్మతో. "ముందు పాయసం పెడదాం. ఓళిగ మజ్జిగ టయానికి, పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి."

"తీపి ఆఖర్లోనా? పెళ్ళోళ్ళు ఏమనుకుంటారు?"

"వాసన ముందే పోతాది కదా. అది చాలు. పెనాలు గాలి వచ్చే దిక్కున పెట్టు."

మర్నాడు ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. ఎండ మండుతోంది. ట్యాంకరు వచ్చి డ్రమ్ములు నింపి పోయింది. డీజే పెట్టెలను ఒక పక్కకు జరిపి, చింతచెట్టు కొమ్మకు పాత మైకు గొట్టం కట్టారు. దాని కింద బల్ల మీద నూర్ అహమ్మద్ పెట్టె. అతను వచ్చాడు. అదే తెల్ల చొక్కా, అదే ఇస్త్రీ మడత. మనిషి మాత్రం బాగా చిక్కిపోయాడు. అట్టలోంచి ప్లేటు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టె మీద ఉంచి, ముల్లు దించాడు. నాదస్వరం మొదలైంది. "ఎల్పీ పడింది, ఎల్పీ పడింది," అంటూ జనం ఆకుల ముందుకు పరిగెత్తారు. ముసలివాళ్ళకైతే కళ్ళల్లో నీళ్ళు. నాకు కళ్ళల్లో కారం కొట్టినట్టుంది.

నూర్ అహమ్మద్ వచ్చి మొదటి పంక్తిలో, సరిగ్గా పెళ్ళికొడుకు పక్కనే కూర్చున్నాడు. కూర్చున్నాడని కాదు, కూర్చోబెట్టారు. నేను పొయ్యి దగ్గర నుంచే చూస్తున్నాను. మామూలుగానే అతను ఆకు చూడకుండా మొహాలు చూస్తున్నాడు. ఈసారి మరీ ఎక్కువగా సందీప్ మొహం చూస్తున్నాడు. పప్పు పడింది, చారు పడింది. నాదస్వరం సాగుతూనే ఉంది. నాకెప్పుడూ ఆ చప్పుడు గడియారంలాంటిది. ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది, ఏం వాయిస్తున్నాడో తెలియదు.

మజ్జిగ పంపించి, పెనాల మీద ఓళిగలు వేయించాను. బెల్లం, యాలకులు, నెయ్యి కలిసిన వాసన గాలితో పాటు షామియానాలోకి వెళ్ళింది. తలలు ఇటు తిరిగాయి. అప్పుడు పొగలు కక్కుతున్న ఓళిగలను తెల్ల గుడ్డ పరిచిన గంపలో పెట్టుకుని నేనే వెళ్ళాను. ఇంకెవరినీ వడ్డించనివ్వలేదు. ఒక ఓళిగ, దాని మీద గరిటెడు నెయ్యి. ఒక ఓళిగ, గరిటెడు నెయ్యి. పంక్తి సగానికి వచ్చేసరికి ముల్లు గరగరమంది.

నూర్ అహమ్మద్ చెయ్యి విదిలించి లేచి నిలబడ్డాడు. నేను గరిటె పట్టుకుని పంక్తి చివరిదాకా చూశాను.

ఒక్కడూ లేవలేదు.

నిజంగా ఒక్కడూ లేవలేదు. గరగరమని మైకు గొట్టం మొత్తుకుంటూనే ఉంది. వినే నాథుడు లేడు. మగపెళ్ళివారికి తోడుగా కూర్చున్న ఊరి పెద్ద చెన్నప్ప తాత, ప్లేటు ఆగితే నోట్లో ముద్ద కూడా మింగకుండా లేచే మనిషి, ఓళిగను మడతపెట్టి కళ్ళు మూసుకుని తింటున్నాడు. సందీప్ నా వైపు ఆకు జరిపి, "అమ్మా, ఇంకొకటి. నెయ్యి కొంచెం ఎక్కువ పోయండి," అన్నాడు. పోశాను. గరిటె కాదు, గిన్నె వంచాను. అంత సుఖం నాకు పెళ్ళయిన రోజు కూడా కలగలేదు.

నూర్ అహమ్మద్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, అంత పంక్తిలో ఒక్కడే. అతని ఆకులో నేను వేసిన ఓళిగ వేసినట్టే ఉంది. అతను దాన్ని చూడటం లేదు. సందీప్ నెయ్యి పూసుకున్న వేళ్ళు నాకడం చూస్తున్నాడు. తరవాత వెళ్ళి ముల్లు ఎత్తేశాడు. చప్పుడు ఆగింది. అది కూడా ఎవరూ గమనించలేదు.

మొదటి పంక్తి కడుపు నిండి తనంతట తాను లేచింది. ఎంగిలాకులు తీసి, నీళ్ళు చల్లి, కొత్త ఆకులు పరిచారు. పెనాల మీద ఓళిగలు తయారు. గంపలు తయారు. నేను కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డాను.

జనం కూర్చోలేదు.

గుంజల పక్కన, నీళ్ళ డ్రమ్ముల దగ్గర, పందిరి అంచున గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. ఆకులు ఎండకు ముడుచుకుంటున్నాయి. "కూర్చోండప్పా, చల్లగా అయిపోతాండాయి," అన్నాను.

"ఎల్పీ ఎయ్యనీమ్మా, కూర్చుంటాం," అన్నారు.

పుల్లన్న చింతచెట్టు కిందికి పరిగెత్తి, అంతే వేగంగా తిరిగి వచ్చాడు. "చెయ్యి బాగలేదంటాడు. ప్లేటు ఎయ్యడంట," అన్నాడు. చెమట తుడుచుకుంటూ, డీజే కుర్రాడి ఫోనులోంచి ఏదో నాదస్వరం పెట్టించాడు. పెద్ద పెట్టెలు అదిరిపోయాయి. జనం కదల్లేదు. చెన్నప్ప తాత చేతికర్ర నేలకు కొట్టి, "పెద్ద ప్లేటు తిరక్కుండా ఆకు ముందర కూర్చుంటే కర్మాంతరం మాదిరి ఉంటాది. పెళ్ళింట్లో ఎవురు కూర్చుంటారప్పా?" అన్నాడు. అంతే, ఆ మాటతో ఆకు దగ్గరగా వచ్చినవాళ్ళు కూడా వెనక్కి జరిగారు. పెళ్ళికూతురు నందిని మొహం చిన్నబోయింది.

నా ఓళిగలు చల్లారుతున్నాయి. చల్లారిన ఓళిగ అట్టముక్కతో సమానం. మొదటి పంక్తిలో నేను గెలిచిన గెలుపంతా రెండో పంక్తిలో అట్టముక్క అయిపోతోంది. ఊరివాళ్ళు కూర్చునేది ఈ పంక్తిలోనే. నా గురించి రేపు మాట్లాడేది వాళ్ళే. ఇక తప్పదని, నెయ్యి గరిటె చేతిలో అలాగే పట్టుకుని, చింతచెట్టు కిందికి నడిచాను.

నూర్ అహమ్మద్ పెట్టెకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్లేటు అట్టలో పెట్టేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమన్నా, ప్లేటు ఎయ్యవా?"

"దేనికి?"

"దేనికంటావేంది? జనం నిలబడుకోని ఉండారు."

"నువ్వు పిలువు. నీ ఓళిగలు పిలిస్తే వస్తారు కదా."

ఆ గొంతు విని నేను ఆగిపోయాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా నా లోపల మాట్లాడుతున్న గొంతు అదే. ఈ మనిషికి నా మీద అసూయ! నమ్మలేక అతని మొహంలోకి వంగి చూశాను. నిజమే. పెదాలు బిగుసుకుని ఉన్నాయి. ఎండాకాలం చెరువులా ఉండే నా మనసులో ఒక్కసారిగా నీళ్ళు పడ్డట్టయింది.

"నేను మొదటి పంక్తిలో యాలకు కూర్చుంటానో తెలుసునా నీకు?" అన్నాడు.

"ఎందుకేముంది, తినేకి."

"కాదు. చూసేకి. ఒక్కడన్నా నమిలేది నిలిపి పాట వింటాడేమో అని చూసేకి. ఈ పక్క ఆఖర్లో ఒక తావు ఉండాది లక్ష్మీదేవమ్మా. ఊదే ఆయప్ప ఊపిరి బిగబట్టి పైకి పోతాడు, పోతానే ఉంటాడు. సరిగ్గా అప్పుడే నువ్వు మజ్జిగ పంపిస్తావు. జుర్రు, జుర్రు. అంతా జుర్రుకోని లేస్తారు. ఇన్ని పెండ్లిండ్లలో ఒక్కడు విన్లేదు."

నేను గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"ఈ పొద్దు ఆ పిల్లోడు ఉండాడు కదా అనుకుంటి. ఇంట్లో రెండు వందల ప్లేట్లు ఉండాయంట. నా కొట్టుకు వచ్చి ఈ ప్లేటును బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకున్నాడు. వీడన్నా వింటాడు అనుకోని పక్కనే కూర్చుంటి. ఆ తావు వచ్చింది. వాడు నెయ్యి అడిగినాడు."

"పెండ్లికొడుకు ఆకలి మీద ఉండడా అన్నా?"

"ఆకలి కాదులే. నీ చెయ్యి." అట్ట మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. "ఎల్పీ అంటే నా ప్లేటు. ఇప్పుడు ఈ ఊర్లో ఎవర్నన్నా అడుగు, ఎల్పీ అంటే ఆకు చూపిస్తారు, నీ పప్పు చూపిస్తారు. నా ప్లేటుకు ఉండే ఒక్క పేరు, అది కూడా నువ్వే తీసుకుంటివి."

నా వంటకు అతను పేరు అంటగట్టాడని నేను కుళ్ళిపోతుంటే, అతని ప్లేటు పేరు నా వంట మింగేసిందని అతను కుళ్ళిపోతున్నాడు. ఎవరి దగ్గర ఏముందో చూడకుండా ఇద్దరం ఒకరి ఆకులోకి ఒకరం తొంగి చూసుకుంటూ ఇంతకాలం గడిపేశాం. అయినా నాకు కోపం తగ్గలేదు. చెప్తున్నాను కదా, నాది తొందరగా తగ్గే రకం కాదు.

"అయితే నా ఓళిగ ఆకులో ఇడిసిపెట్టి లేచినావే, అదేమన్నా మర్యాదనా? ఎప్పుడన్నా నా వంట రుచి చూసినావా నువ్వు? మంది మొహాలు చూసుకుంటా మింగినావు. ఉప్పు సరిపోయిందంట, ఉప్పు!"

"నువ్వు నా ప్లేటు ఎప్పుడన్నా విన్నావా?"

"పొయ్యి కాడ ఎట్ల వినేది?"

"ఇప్పుడు విను. ఈడనే నిలబడుకోని, ముల్లు ఆగేదాకా విను. అట్లయితేనే ఏస్తా."

"నువ్వు నా ఓళిగ తినాల. ఎవురి మొహమూ చూడకుండా తినాల. అట్లయితేనే వింటా."

అతను లేచి, అట్టలోంచి ప్లేటు తీసి, గుడ్డతో తుడిచి, ముల్లు దించాడు. నాదస్వరం మొదలవగానే అటు జనం బిలబిలమంటూ కూర్చున్నారు. ఓబమ్మను కేకేసి వడ్డించమన్నాను. పెనం మీది ఓళిగ ఒకటి ఆకు ముక్కలో పెట్టి, నెయ్యి పోసి, మజ్జిగ టయానికి ఇక్కడికి పట్టుకురమ్మన్నాను. గరిటె చేతిలో పట్టుకుని అతని పక్కన నిలబడ్డాను.

మొదట నాకు ఏమీ అర్థం కాలేదు. మనసంతా పొయ్యి దగ్గరే ఉంది. మాడుతుందేమో, పప్పు చాలదేమో. ఎవరో ముసలాయన తొందర లేకుండా ఊదుతున్నాడు. ఒకచోట నిలబడి అటూ ఇటూ చూసి, ఇంకో అడుగు వేసి, మళ్ళీ నిలబడుతున్నాడు. మా అమ్మ కొత్త వాన పడ్డాక చేనులోకి దిగేటప్పుడు అలాగే నడిచేది. ఆ నడక గుర్తొచ్చాక నేను పొయ్యి సంగతి మరిచిపోయాను. ఎప్పుడు మరిచిపోయానో తెలియదు. ఓబమ్మ వచ్చి ఓళిగ బల్ల మీద పెట్టి ఏదో అడిగి వెళ్ళింది, నేను జవాబు చెప్పానో లేదో గుర్తులేదు.

అప్పుడు వచ్చింది ఆ తావు. నాదస్వరం పైకి పోయింది. ఇంక పోలేదు అనుకున్నచోట నుంచి ఇంకా పైకి పోయింది. నా ఒంటి మీద రోమాలు లేచాయి. గరిటెలో మిగిలిన నెయ్యి నా కాలి మీద పడింది, తుడుచుకోలేదు.

బాగుంది. ఎంత బాగుందంటే ఏడుపు వచ్చింది. ఏడుపు కన్నా ముందు మంట వచ్చింది. నేనెంత నెయ్యి పోసినా, పూర్ణం ఎంత మెత్తగా రుబ్బినా, నా ఓళిగ గొంతు దిగేదాకానే. ఇది దిగి లోపల కూర్చుంది. ఇలాంటిది ఈ మనిషి చేతిలో ఇన్నేళ్ళుగా ఉంది. వీడికే ఎందుకుండాలి? షామియానా వైపు చూశాను. ఊరంతా తలలు వంచి జుర్రుమని మజ్జిగ తాగుతోంది, ఓళిగల కోసం చేతులు చాపుతోంది. ఒక్కడు కూడా వినలేదు. చెప్పకూడదు కానీ, అది చూసి నాకు కొంచెం ఊరట కలిగింది.

ముల్లు గరగరమంది. అతను ముల్లు ఎత్తి, నా వైపు తిరిగి నిలబడ్డాడు. చిన్నపిల్లవాడిలా చూస్తున్నాడు.

"ఎట్లుండాది?" అన్నాడు.

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పొగ అనుకోవాలని గట్టిగా తుడుచుకున్నాను.

"పర్వాలేదులే. ఆఖర్లో కొంచెం సాగదీసినాడు," అన్నాను.

అతను నా మొహం చాలాసేపు చూశాడు. తరవాత బల్ల మీద ఆకు ముక్క తీసుకుని, అటు చింతచెట్టు మొదలు వైపు తిరిగి, ఎవరి మొహమూ కనబడకుండా నిలబడి, ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలి ఆపేశాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ మెల్లగా నమిలాడు. ఆకులో ఒక్క పలుకు కూడా మిగలకుండా తిని, వేలితో ఆకు తుడిచి, ఆ వేలు కూడా నాకాడు.

"ఏం, ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

"నెయ్యి తక్కువైంది," అన్నాడు నూర్ అహమ్మద్.

ఇస్త్రీ చేసిన ఆ తెల్ల చొక్కా చేతి మీదుగా నెయ్యి మోచేతి దాకా కారుతోంది.